ఎర్ర అంకె ఎవరిది?

ఏప్రిల్ ఎండల్లో నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ ఎక్కే బళ్లకు ఒక్కోచోట రోడ్డుకు అడ్డంగా వెదురు గడ ఎదురవుతుంది. అది చెక్‌పోస్టు కాదు. గడ పక్కన ఆడవాళ్లు, పిల్లలు నిలబడి ఉంటారు. పాట పాడతారు, పరాచికాలాడతారు, పదో ఇరవయ్యో చేతిలో పెడితే తప్ప గడ ఎత్తరు. రోజూ పైకి వెళ్లొచ్చే టీచర్లకు, బ్యాంకు ఉద్యోగులకు, ఆర్టీసీ డ్రైవర్లకు ఇది అలవాటే. చిల్లర ముందే జేబులో వేసుకుని బయల్దేరతారు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం అద్దాలు ఎత్తుకుని కంగారు పడుతుంటారు.

అది ఇటుకల పండుగ. చైత్రమాసంలో మన్యం ఊళ్లు రోజుల తరబడి చేసుకునే పండుగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. రాత్రయితే థింసా నృత్యం. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలను దేవుడి ముందు పెట్టి పూజ చేశాకే దుక్కి మొదలు. అడవిలో జంతువులు తగ్గాయి, వేట మీద 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అయినా పండుగ ఆగలేదు. గడ దగ్గర వసూలైన డబ్బులు ఆ పండుగ ఖర్చుకే.

ఇప్పుడు గోడ మీది క్యాలెండర్ చూడండి. ఇటుకల పండుగ నాడు అంకె నల్లగానే ఉంటుంది.

ఎర్ర అంకెలు ఎక్కడివో అందరికీ తెలిసిందే. రాష్ట్ర ప్రభుత్వం ఏటా జీవో ఇస్తుంది. అందులో భోగి, సంక్రాంతి, కనుమ, శివరాత్రి, ఉగాది, రంజాన్, గుడ్ ఫ్రైడే, వినాయక చవితి, దసరా, దీపావళి, క్రిస్మస్ ఉంటాయి. దాని వెనకే ఐచ్ఛిక సెలవుల జాబితా ఒకటి. ఉద్యోగి అందులోంచి ఏడాదికి ఐదు దాకా ఎంచుకోవచ్చు. పార్సీల నూతన సంవత్సరం ఆ జాబితాలో ఉంది, క్రిస్మస్ మర్నాటి బాక్సింగ్ డే కూడా ఉంది. ఉండటం మంచిదే, ఒక్క పార్సీ ఉద్యోగి ఉన్నా ఉండాల్సిందే. కానీ నర్సీపట్నం డిపోలో బస్సెక్కితే పూట తిరక్కుండా చేరుకునే ఊళ్లలో వేలాది కుటుంబాలు చేసుకునే ఇటుకల పండుగకు గానీ, కొత్త పంటల పండుగలైన కొర్ర కొత్తకు, చిక్కుడు కొత్తకు, మామిడి కొత్తకు గానీ సాధారణ సెలవుల్లో చోటు లేదు.

ప్రపంచంలో ఏ దేశం క్యాలెండర్ తిరగేసినా ఇదే కథ వేరు వేరు రంగుల్లో కనిపిస్తుంది. సర్కారు ఎవరి పండుగకు కచేరీ తలుపులు మూస్తుందో, వాళ్లను తన మనుషులుగా లెక్కపెట్టుకుందన్నమాట. తక్కిన వాళ్లు పండుగ చేసుకోరని కాదు. సెలవు చీటీ రాసిపెట్టి చేసుకుంటారు, అంతే తేడా.

సముద్రం దాటిన ఉగాది

ఈ లెక్కలో తెలుగువాళ్లు గెలిచిన చోటు ఒకటుంది, మారిషస్. 1843లో ‘కోరింగా పాకెట్’ అనే ఓడ మన కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను ఆ దీవికి చేర్చింది. తర్వాత విశాఖ, గంజాం వైపుల నుంచీ చాలామంది వెళ్లారు. చెరకు తోటల్లో పనికి ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు వాళ్లు. దేశం మొత్తం జనాభాలో తెలుగువాళ్ల వాటా నేటికీ చిన్నదే. అయినా అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. తెలుగువాడికే కాదు, ఆ రోజు క్రియోల్ గుమాస్తాకూ, చైనా దుకాణదారుకూ, భోజ్‌పురి టీచరుకూ సెలవే.

మారిషస్ సెలవుల పట్టిక చదవడమే ఒక వినోదం. తమిళుల తైపూసం కావడి, చైనీయుల వసంతోత్సవం, శివరాత్రి, ఉగాది, ఈద్, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ ఒకే వరసలో ఉంటాయి. కాథలిక్కుల పండుగలు రెండింటికి ఏడాది మార్చి ఏడాది సెలవు ఇస్తారు, ఒక ఏడు ఆగస్టు 15 మేరీమాత పండుగకు, మరుసటేడు నవంబరు 1 సకల పునీతుల దినానికి. సెలవులు మరీ ఎక్కువైతే పని సాగదు, తగ్గిస్తే ఎవరికో కోపం. అందుకని వంతులు వేసుకున్నారు. నవంబరు 2 కూడా సెలవే. 1834లో అదే రోజు ‘అట్లాస్’ అనే ఓడ 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవులో దింపింది. ఆ తర్వాత వచ్చిన కూలీలు ఎక్కిన రేవు మెట్లు, ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజుకూ సెలవుంది. బానిసల వారసులకు ఒక రోజు, కూలీల వారసులకు ఒక రోజు.

మన ప్రాంతం వాళ్లను ఎక్కువగా కదిలించేది వేరే. మారిషస్ తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకు మొక్కుతారు, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజనం చేస్తారు. తెలుగు మాట్లాడటం చాలా ఇళ్లలో తగ్గిపోయింది, క్రియోల్‌లో కబుర్లాడుకుంటారు. అప్పన్న మాత్రం అప్పన్నగానే ఉన్నాడు. శివరాత్రికి అక్కడి హిందువులు వేల సంఖ్యలో తెల్లబట్టలు కట్టి గ్రాండ్ బాసిన్ సరస్సు దాకా నడిచిపోతారు. నర్సీపట్నం వాళ్లు అదే రోజు బలిఘట్టంలో వరాహ నది ఒడ్డున బ్రహ్మలింగేశ్వరుడి గుడికి పోతారు. రెండు చోట్లా ప్రభుత్వ సెలవే.

ఇంకా దగ్గర్లో చూస్తే, తమిళనాడు ప్రభుత్వ సెలవుల్లో ‘తెలుగు సంవత్సరాది’ అన్న పేరుతోనే ఉగాది ఉంది. గోదావరి ఒడ్డున యానాం వాళ్లకు ఆగస్టు 15తో సరిపోదు, 16 కూడా ఉంది. ఫ్రెంచి వాళ్ల నుంచి 1962లో ఆ రోజే పుదుచ్చేరి ప్రాంతాలు చట్టప్రకారం మన దేశంలో కలిశాయి. ఏటిగట్టు దాటితే సెలవు మారిపోతుంది.

ఆదివారం కూడా అడిగి తెచ్చుకున్నదే

ఈ అనుబంధం మీ చేతిలో పడే ఆదివారం ఉంది చూశారూ, అది కూడా ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు వారానికో సెలవుకు ఒప్పుకున్నారు. అంతకు ముందే 1881లో వచ్చిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం బ్యాంకులకు సెలవు అంటే ఏమిటో నిర్వచించింది. చెక్కులు, హుండీల చట్టమది. ఈనాటికీ బ్యాంకు తలుపు మూయాలంటే ఆ చట్టం పేరే చెబుతారు. మన పండుగల మీద అంత అధికారం ఏ పంచాంగానికీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో ముప్ఫై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయని తేలింది. వాటిని ఒక దారికి తేవడానికి 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘం వేశారు. ఆయన సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరం జాతీయ క్యాలెండర్ అయింది. ఆకాశవాణి ప్రకటనల్లో, రాజపత్రంలో తప్ప దాని ఊసెత్తేవాళ్లు లేరు. పండుగల విషయంలో జనం శాస్త్రవేత్త మాటా వినరు, సర్కారు మాటా వినరు. దేశమంతటికీ ఉమ్మడిగా నిలిచినవి మూడే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2.

శక సంవత్సరాన్ని మనకన్నా శ్రద్ధగా పాటించే చోటు బాలి దీవి. వాళ్ల సంవత్సరాది న్యేపి. ముందురోజు రాత్రి పెద్ద పెద్ద భూతాల బొమ్మలు మోస్తూ వీధులు దద్దరిల్లేలా ఊరేగుతారు. తెల్లారేసరికి దీవి మొత్తం మౌనం. దీపం వెలగదు, పొయ్యి రాజుకోదు, బండి కదలదు. విమానాశ్రయం కూడా ఇరవై నాలుగు గంటలు మూసేస్తారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ మంది ముస్లింలున్న దేశాల్లో ముందు వరసలో ఉండే ఇండోనేషియా 1983లో ఈ హిందూ పండుగను దేశమంతటికీ సెలవుగా ప్రకటించింది. 2023 మార్చి 22న న్యేపి, మన ఉగాది, సాహా గారి జాతీయ క్యాలెండర్ చైత్రం ఒకటి, మూడూ ఒకే రోజున పడ్డాయి. శక సంవత్సరం 1945. మనం ఆ రోజు పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి కూర్చున్నాం, వాళ్లు తలుపులు వేసుకుని నోరు కట్టుకున్నారు.

సెలవు ఇవ్వడంలో అతి చేసిన దేశాలూ ఉన్నాయి. 1966లో శ్రీలంక ఆదివారాన్ని తీసేసి చంద్రుడి కళల ప్రకారం వచ్చే పోయ రోజులను వారపు సెలవుగా పెట్టింది. బౌద్ధులు సంతోషించారు గానీ చంద్రుడు ఏడేసి రోజుల లెక్కకు ఒదగడు. ఒక వారం ఆరు రోజులు, ఒక వారం ఎనిమిది రోజులు అయ్యేసరికి బయటి దేశాలతో ఓడ సరుకు, బ్యాంకు లావాదేవీలు చిక్కులో పడ్డాయి. 1971లో మళ్లీ ఆదివారానికే వచ్చారు. అయితే పౌర్ణమిని వదల్లేదు. ఇప్పటికీ ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవే.

దక్షిణాఫ్రికాది ఇంకో తీరు. డిసెంబరు 16 అక్కడ పాత సెలవు. 1838లో జులూ సైన్యం మీద తెల్లవాళ్లు గెలిచిన రోజది. 1961లో నల్లవాళ్ల సాయుధ పోరాట దళం మొదలైనదీ డిసెంబరు 16నే. మండేలా ప్రభుత్వం వచ్చాక ఆ సెలవును తీసెయ్యలేదు, 1995 నుంచి సయోధ్య దినం అని పేరు పెట్టి ఇద్దరికీ ఉంచింది. ఇంత తెలివైన జీవో నాకు మరొకటి కనపడలేదు.

కృత్తికలకు సెలవిచ్చిన దేశం

మన్యం సంగతికి వస్తే, దానికి బాగా దగ్గరి ఉదాహరణ న్యూజిలాండ్‌ది. అక్కడి ఆదివాసులు మావోరీలు. మన కృత్తికా నక్షత్రాల గుంపును వాళ్లు మటారికి అంటారు. వాళ్ల చలికాలంలో, జూన్ జులైల మధ్య, తెల్లవారుజామున తూర్పున ఆ చుక్కలు మళ్లీ కనపడితే వాళ్లకు కొత్త సంవత్సరం. ఆ ఏడు పోయినవాళ్లను తలుచుకుంటారు, చుక్కల మెరుపును బట్టి రాబోయే పంట ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. ఎప్పటి నుంచో ఉన్న ఈ పండుగకు 2022 జూన్ 24న మొదటిసారి దేశమంతా సెలవు వచ్చింది.

అక్కడా పెద్ద అభ్యంతరం ఒకటే: ‘తేదీ నిలకడగా ఉండదు కదా, సెలవు ఎలా ఇస్తాం?’ మావోరీ ఖగోళ పండితుడు రంగి మటామువా నాయకత్వంలో ఒక బృందాన్ని కూర్చోబెట్టారు. వాళ్లు మావోరీ చాంద్రమాన లెక్క కట్టి 2052 దాకా తేదీలు తేల్చి ఇచ్చారు. ఆ తేదీలను పార్లమెంటు చట్టంలోకి ఎక్కించింది. తేదీ కదలడం నిజంగా అడ్డంకి అయితే మనకు రంజాన్‌కు సెలవు ఉండేది కాదు. నెలవంక కనపడలేదని ముందురోజు రాత్రి సెలవు మార్చిన ఉత్తర్వులు మనకు కొత్తా?

మన దగ్గర ఇటుకల పండుగకూ, కొత్తలకూ తేదీ చెప్పేది ఊరి పెద్దలు, దిసారి. దిసారి అంటే మంచిచెడ్డ ఘడియలు చూసి చెప్పేవాడు. కొర్రలు పండితే కొర్ర కొత్త, చిక్కుడు కాస్తే చిక్కుడు కొత్త, మామిడికి మామిడి కొత్త. దేవుడికి పెట్టకుండా కొత్త పంట నోట పెట్టరు. పిల్లలు చెట్టుకింద రాలిన కాయ ఏరుకున్నా పెద్దలు కసురుతారు. ఇందులో భక్తి ఎంతో, అడవిని అడ్డగోలుగా దులిపెయ్యకూడదన్న కట్టడీ అంతే. కాయ ముదరకముందే కోయకుండా ఆపే చట్టం ఇంతకన్నా బాగా పనిచేసేది ఏ అటవీ శాఖ దగ్గరా లేదు.

మైదానం ఊళ్లకు కూడా ఇలాంటి తెలివి ఉండేది. సంక్రాంతి వెళ్లాక నర్సీపట్నం, అనకాపల్లి చుట్టుపక్కల తీర్థాల కాలం మొదలవుతుంది. ఒక్కో ఊరిది ఒక్కో రోజు. ఈ ఊరి తీర్థానికి ఆ ఊరి చుట్టాలు, ఆ ఊరి తీర్థానికి ఈ ఊరి చుట్టాలు. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే ఎవరింటికి ఎవరు పోతారు? రంగులరాట్నం వాడూ, జీళ్ల వాడూ కూడా ఊరూరా తిరిగి నాలుగు డబ్బులు చేసుకునేది అందువల్లే. కనుమ నాడు శంకరం దగ్గరి బొజ్జన్నకొండకు జనం తీర్థానికి పోవడం కూడా ఈ వరసలోదే. ఎన్నడో బౌద్ధ భిక్షువులు ఖాళీ చేసి వెళ్లిన కొండ మన కనుమ తీర్థానికి వేదికైంది.

ఈ రోడ్డుకూ ఒక తేదీ ఉంది

పండుగలో గడ అడ్డం పెట్టే ఈ ఘాట్ రోడ్డుకు ఒక చరిత్ర ఉంది. నూరేళ్ల కిందట నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, మన్యం జనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడుకూ వేటకూ అడ్డం పడింది. ఈ రెంటి మీదా రగిలిన కోపమే అల్లూరి సీతారామరాజు వెనక నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు, ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. రెండు పక్షాల సమాధులూ ఒకే డివిజన్‌లో.

జులై 4 రాజు జయంతి. ప్రభుత్వం అధికారికంగా జరుపుతుంది, కృష్ణదేవిపేటకు నాయకుల కార్లు బారులు తీరతాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అదే తేదీన అమెరికాలో మన పిల్లలు స్వాతంత్ర్య దినోత్సవ బాణసంచా చూడ్డానికి పోతారు, తెలుగు సంఘాల మహాసభలు కూడా తరచూ ఆ సెలవుల్లోనే పెట్టుకుంటారు. కాకతాళీయమే గానీ, మన్యంలో పుట్టి అమెరికా వెళ్లిన పిల్లాడికి చెప్పుకోవడానికి బాగుంటుంది.

రాజు పేరు జిల్లాకు వచ్చింది, విగ్రహాలు వచ్చాయి. రాజు వెనక నడిచినవాళ్ల మనవలు, మునిమనవల పండుగకు మాత్రం బడి గంట ఆగదు.

ఏం చెయ్యొచ్చు?

పక్కనే ఒడిశా ఉంది. అక్కడ పశ్చిమ జిల్లాల్లో కొత్త బియ్యం తినే పండుగ నువాఖాయ్. మన కొత్తకు తోడబుట్టింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికి సెలవిస్తుంది. జార్ఖండ్‌లో సాల పూల పండుగ సర్హుల్‌కు సెలవుంది. మేడారం జాతరకు తెలంగాణలో ములుగు కలెక్టరు స్థానిక సెలవు ప్రకటిస్తారు. కాబట్టి అసాధ్యం అన్న మాట చెల్లదు.

కానీ ఒడిశా దారే మనమూ పట్టాలని నేననను. నువాఖాయ్ ఒకప్పుడు ఊరికో ముహూర్తాన జరిగేది. 1990ల నుంచి అందరికీ కలిపి భాద్రపద శుద్ధ పంచమి ఖాయం చేశారు. ఊళ్లన్నీ ఒక్కసారే పండుగ చేసుకుంటాయి, పట్నాల్లో ఉన్నవాళ్లు ఇంటికి రాగలుగుతున్నారు, నిజమే. కానీ ఆ తేదీకి చేను పండకపోతే కొత్త గింజ ఎక్కణ్ణించి తేవాలి? పంట పిలిచినప్పుడు రావాల్సిన పండుగ క్యాలెండర్ పిలిచినప్పుడు వస్తే, మిగిలేది విందు ఒక్కటే. మన్యం కొత్తలకు ఆ గతి పట్టకూడదు. కాబట్టి అడగాల్సింది రాష్ట్రమంతటికీ మరో ఎర్ర అంకె కాదు.

బళ్లకు స్థానిక సెలవులనే ఏర్పాటు ఎలాగూ ఉంది. ఏజెన్సీ మండలాల్లో వాటిని ఊరి దిసారి చెప్పిన రోజుకు వాడుకునేలా గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. పండుగ నాడు ఎలాగూ తరగతి గది ఖాళీ. గైర్హాజరు వేసి పిల్లల్ని తప్పుచేసినవాళ్లను చెయ్యడం దేనికి? అంతకన్నా ముఖ్యం ఆశ్రమ పాఠశాలల సంగతి. అక్కడ చదివే పిల్లలు దసరాకు, సంక్రాంతికి ఇంటికి పోతారు. సొంత ఊళ్లో కొర్ర కొత్త జరిగేటప్పుడు హాస్టల్ గదిలో ఉంటారు. పదో తరగతి అయ్యేలోపు ఒక్క ఇటుకల పండుగా చూడని పిల్లలుంటే వాళ్లను పండుగకు దూరం చేసింది మనం పెట్టిన చదువే. ఏడాదికి రెండు కొత్తలకు, ఒక ఇటుకల పండుగకు వాళ్లను ఇంటికి పంపాలి. ఖర్చు లేదు, చట్టం మార్చక్కర్లేదు.

ఏప్రిల్‌లో మీ బండికి గడ అడ్డం వస్తే, హారన్ కొట్టకుండా పది రూపాయలు ఇచ్చి వెళ్లండి.